ఓటుకు పెట్టిన మాట

సరోజన కెనడాలో, టొరంటో పక్కనున్న రిచ్‌మండ్ హిల్‌లో ఒక హైస్కూల్లో పాతికేళ్లు చరిత్ర చెప్పి రిటైరయింది. జగిత్యాల నుంచి పెళ్లయి వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని టీచరైన మనిషి. పదకొండో తరగతికి అమెరికా చరిత్ర ఆమే చెప్పేది. ఏటా కాన్సస్ పాఠం వచ్చేసరికి ఆమె గొంతు దానంతటదే తగ్గేది. అమెరికా అంతర్యుద్ధానికి ముందు కొత్తగా ఏర్పడ్డ ఆ ప్రాంతంలో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడినవాళ్లే ఓటేసి తేల్చుకోవాలని చట్టం చేశారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. “మరి బానిసలకు ఓటుందా మిస్?” అని ఎవరో ఒకరు అడిగేదాకా ఆమె ఆ పాఠం ముగించేది కాదు.

భర్త పోయాక తెలుగు సంఘం పిల్లలకు ఆదివారం బడి నడపడమే ఆమెకు కాలక్షేపమైంది. నిరుడు చలికాలంలో భవిత అనే కాలేజీ అమ్మాయి సూట్‌కేసుతో ఆ బడికే వచ్చి ఏడ్చింది. సంఘం సభ్యుల ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు మాట్లాడుకుందట. సామాను దింపాక ఇంటావిడ “మీరేమిట్లు?” అని కులం అడిగిందట. చెప్పగానే రూమ్ లేదందట.

“ఈడ కూడా అడుగుతరా ఆంటీ?”

సరోజన ఆ పిల్ల చేతిలోని సూట్‌కేసు అందుకుంది. ఇన్నేళ్లలో ఇంటిపేరనీ, పెళ్లి భోజనాల్లో ఏం వండుతారనీ తనను ఎంతమంది ఎంత మర్యాదగా తిప్పి తిప్పి అడగలేదు! పిల్లను తన ఇంట్లోనే ఉంచుకుంది. కులం చూసి ఎవరినీ దూరం పెట్టకూడదని నియమావళిలో ఒక్క వాక్యం చేర్చమని సంఘాన్ని కోరింది.

అధ్యక్షుడు రాఘవులు చెడ్డవాడు కాడు. ఆమె భర్త జబ్బుపడ్డప్పుడు కారులో ఆస్పత్రికి తిప్పింది ఆయనే. ఇంటికొచ్చి టీ తాగుతూ నెమ్మదిగా అన్నాడు.

“నాకైతే అభ్యంతరం లేదండీ. అలాగని అనుకూలమనీ అనను. జనరల్ బాడీలో ఓటుకు పెడదాం. మెజారిటీ ఏదంటే అది. అంతకంటే డెమోక్రసీ ఏముంటుంది చెప్పండి?”

“నన్ను మీతోటి సమానంగ చూడాల్నా వద్దా అని మీరంతా ఓటేసి చెప్తరా రాఘవులు గారూ?”

“మీరు మరీ పర్సనల్‌గా తీసుకుంటున్నారు” అంటూ ఆయన లేచాడు.

మీటింగు రోజు హాలు కిక్కిరిసింది. బడికీ పండగలకీ ఎన్నడూ రాని కుటుంబాలు మిస్సిసాగా నుంచీ, ఇంకా దూరం నుంచీ దిగాయి. అందరి చేతుల్లో కొత్త సభ్యత్వ కార్డులు. కాన్సస్ ఎన్నికలకు పక్కనున్న మిస్సోరి నుంచి గుంపులుగా వచ్చి ఓట్లేసి పోయినవాళ్లు సరోజనకు గుర్తొచ్చారు. వాళ్లు తుపాకులు పట్టుకొచ్చారు. వీళ్లు సమోసా ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. స్టూడెంట్లకు సభ్యత్వం లేదు కాబట్టి భవిత తలుపు దగ్గరే ఉండిపోయింది.

మైకు ముందు సరోజన చాలాసేపు మాట్లాడాలనుకుంది. నోరు తెరిచేసరికి అలసటొచ్చింది. “ఆ తలుపు కాడున్న పిల్ల గురించే మీరు ఓటేస్తున్నరు. ఆమెకు ఓటు లేదు. గంతే” అని వచ్చి కూర్చుంది.

చేతులెత్తమన్నారు. ఆమెతో పాటు లేచిన చేతులు అక్కడక్కడా కొన్నే. వాటిలో రాఘవులు భార్య అన్నపూర్ణ చేయి కూడా ఉంది. ఆయన అది చూసి కాగితాల్లోకి తల దించుకున్నాడు. వాక్యం వీగిపోయింది.

బయటికి వస్తుంటే ఆయన వెనకే వచ్చాడు. “అయిపోయింది కదండీ, ఇక మనసులో పెట్టుకోకండి. బడి మాత్రం ఆపొద్దు.”

“అయిపోయింది మీకు” అంది సరోజన. కోపంగా అనడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

తరవాతి ఆదివారం లేవబుద్ధి కాలేదు. అయినా లేచింది. సగం మంది పిల్లలు రాలేదు. వచ్చినవాళ్లలో అన్నపూర్ణ మనవరాలు ఉంది. తరగతయ్యాక ఆ పిల్ల దగ్గరికొచ్చి, “అమ్మమ్మ లాస్ట్ వీక్ తాతయ్యతో ఫైట్ చేసింది మిస్. వై?” అని అడిగింది.

సరోజన కుర్చీ లాక్కుని కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయి. పిల్లను పక్కన కూర్చోమని, కాన్సస్ అనే ఊరుకాని ఊరి సంగతి మొదటి నుంచీ చెప్పసాగింది.