మూత కట్టని బియ్యం కుండ

నా చిన్నప్పుడు మా వాడకట్టులో క్రైస్తవుల ఇళ్లు పదిహేను దాకా ఉండేవి. ఏ ఇంట్లోనైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు. అది దేవుని పిడికెడు. గుమ్మి నిండుగా ఉన్నా తీయాల్సిందే, అడుగంటినా తీయాల్సిందే. ఆదివారం పొద్దున ఆ బియ్యాన్ని కొంగున కట్టుకొచ్చి, మందిరంలో ఓ మూలనున్న మట్టికుండలో పోసేవాళ్లు. అందులో కొంత ప్రార్థన నడిపే ఉపదేశికి, మిగిలింది దిక్కులేని ఇళ్లకు. ఆ కుండ మూతకు తాడు కట్టి చూసుకునే పని మా అవ్వది. అవ్వ అంటే మా అమ్మ. సుల్తానాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో మేం అమ్మను అలాగే పిలుస్తాం.

నాకప్పుడు పదేళ్లు. నోరు మాత్రం పెద్దది. ఇప్పుడేమన్నా తగ్గిందా అని మా మనవలు నవ్వుతారనుకోండి. ఆదివారం పిల్లలమంతా వరసగా నిలబడి నేర్చుకున్న వాక్యాన్ని అప్పజెప్పాలి. తర్వాత ఉపదేశి, దానికి మన రోజువారీ బతుకులోంచి ఒక ఉదాహరణ చెప్పమనేవారు. బాగా చెప్పిన పిల్లకు రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవారు. పట్నంలో ఎవరో వాడి పంపిన క్రిస్మస్ కార్డులవి. వెనక రాసిన రాతలు కూడా అలాగే ఉండేవి. నా దగ్గర మూడే ఉన్నాయి. మా ఎదురింటి పిల్ల దగ్గర ఏడు. అది నాకు కంట్లో నలుసులా ఉండేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నాట్లు లేవు, కూలి లేదు. దేవుని పిడికిళ్లు కూడా చిన్నవైపోయాయి. సంఘ పెద్దలు కూర్చుని, లేని ఇంటికి వారానికి సోలెడుకు మించి ఇవ్వకూడదని తీర్మానం చేశారు. అలా సోలెడు అందుకునేవాళ్లలో మా వెనకింటి పెద్దమ్మ ఒకామె. మాకు చుట్టమేం కాదు, పిలుపుకు పెద్దమ్మ. పిల్లాజెల్లా లేరు. పెనిమిటి దగ్గుజబ్బుతో రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే ప్రతి శనివారం మందిరం ఊడ్చి, అలికి, ముగ్గేసి వెళ్లేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

ఒక శనివారం నేను మరచిపోయిన పలక కోసం మందిరానికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. పెద్దమ్మ చీపురు పక్కన పెట్టి కుండ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక పిడికెడు తీసి కొంగులో వేసుకుంది. ఆగింది. మళ్లీ ఒక పిడికెడు. నన్ను చూడలేదు. నేను పలక సంగతే మరచిపోయి ఇంటికి పరుగెత్తాను. అబ్బ, ఎంత సంబరపడ్డానో! చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా చెబుతున్నాను. ఆ వారం నేను అప్పజెప్పాల్సింది దొంగతనం చేయరాదన్న ఆజ్ఞే. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? అవ్వకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాను.

మర్నాడు నా వంతు వచ్చింది. ఆజ్ఞను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఉపదేశి ఎప్పటిలాగే ఉదాహరణ అడిగారు. నేను చూసినదంతా చెప్పి, ఆడవాళ్ల వరసలో కూర్చున్న పెద్దమ్మ వైపు వేలు చూపించాను.

పెద్దమ్మ కాదనలేదు. కొంగు సర్దుకుని లేచి, తల వంచుకుని బయటికి వెళ్లిపోయింది. ఉపదేశి చెయ్యి అలవాటు కొద్దీ నా ముందుకు కార్డు చాపింది. నేను తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పెద్దలు కూర్చున్నారు. ఆరు నెలలు ఆమె రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదన్నారు, మందిరంలో చీపురు పట్టకూడదన్నారు. ఆమెను పిలిచి ఎందుకు తీసుకుందో అడగండని మా అవ్వ రెండుసార్లు అన్నది. ఆడమనిషి మాట ఎవరు విన్నారు గనక!

ఇంటికి వచ్చేటప్పుడు అవ్వ నన్ను కొడుతుందేమోనని భయపడ్డాను. కొట్టలేదు. దారి మధ్యలో ఆగి, నా మొహం చూడకుండా అన్నది.

“రెండు నెలల సంది నాకెర్కనే. కుండ మూతకు తాడు కట్టకుంట నేనే ఇడిసిపెడుతున్న. మనింట్ల పిడికెడు తీసేకాడ రెండు పిడికిళ్లు తీస్తున్న, తక్కువైనట్టు ఎవ్వలకు కానరావద్దని.”

“మరి అది దొంగతనం కాదా అవ్వా?”

“దొంగతనమే బిడ్డా, నేను కాదంటున్ననా? నోరు దెరిసి అడుగుతందుకు గామెకు పానం ఒప్పలే. అడుగకపోతే ఆయిన సస్తడు. ఇంకేం తొవ్వ ఉన్నదే గామెకు?”

ఇంటికి వెళ్లాక నేను కార్డును పెట్టెలో పెట్టుకున్నాను కూడా. నిజం చెప్పినందుకు నాదే తప్పన్నట్టు మాట్లాడిందని అవ్వ మీద కోపం. ఎంత మిడిసిపాటు నాది!

ఆనాటి నుంచి పెద్దమ్మ మందిరానికి రాలేదు. సోలెడు బియ్యం తీసుకోవడానికీ రాలేదు. అవ్వ గిన్నెలో పోసుకుని వెళ్లి తలుపు కొడితే, తెరవకుండానే “మాకున్నయి చెల్లే” అనేది. లేవని అందరికీ తెలుసు. పొయ్యి పొగ కూడా రాని ఇల్లది. వాడకట్టు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి చూశారు. ఎవరి చేతి గింజా ముట్టలేదు. మూడు వారాలు గడిచాయో లేదో ఆయన పోయాడు. జబ్బు ముదిరి పోయాడన్నారు పెద్దలు. రెండేళ్లు ఆగిన జబ్బు ఆ మూడు వారాల్లోనే ఎందుకు ముదిరిందో పదేళ్ల పిల్లనైన నాకు తెలుసు. పెట్టెలోంచి కార్డు తీసి పొయ్యిలో వేశాను. ఏం లాభం?

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల వాళ్లే వండి తెస్తారు. మట్టి చేసిన మర్నాడు మధ్యాహ్నం అవ్వ గిన్నెలో బువ్వ, పప్పు పెట్టి నా చేతికిచ్చింది. “నువ్వే తీస్కపో” అన్నది. నేను పోనంటే పోనని మొండికేశాను. అవ్వ నన్ను తిట్టలేదు, గిన్నె వెనక్కూ తీసుకోలేదు. చివరికి నేనే కదిలాను.

పెద్దమ్మ గుడిసె ముందు అప్పటికే మూడు ఇళ్ల నుంచి వచ్చిన గిన్నెలు ఉన్నాయి. వేటి మూతా తీయలేదు. ఆమె లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు రోజుల నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని అందరూ చెప్పుకుంటున్నారు. నేను గడప దగ్గర నిలబడ్డాను. గిన్నె ఒరిగి పప్పు నా పరికిణీ మీద ఒలికింది. క్షమించమని అడగబోయి ఏడ్చేశాను.

“లోపటికి రా బిడ్డా” అన్నది పెద్దమ్మ.

వెళ్లాను. “నేనే... నేనే చెప్పిన పెద్దమ్మా” అన్నాను.

“నువ్వు అబద్ధం చెప్పలే గదా” అన్నది. ఆ గొంతులో కోపం లేదు. ఆ మాటకు నా ఏడుపు ఇంకా ఎక్కువైంది, వెక్కిళ్లు పట్టి ఊపిరాడలేదు. ఆమె చెయ్యి చాపి గిన్నె అందుకుంది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. దిగలేదు. నీళ్లు తాగి మింగింది. ఇంకో ముద్ద కలిపింది.

“ఇగో, తింటున్న సూడు. ఏడ్వకు బిడ్డా, జర ఊకో.”

ఒక్కో ముద్దకూ ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మధ్యలో రెండుసార్లు వాంతి వచ్చేలా ఉంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకుంది. నా ఏడుపు ఆగేదాకా తిన్నది. తర్వాత కొంగుతో నా ముక్కు తుడిచి, గిన్నె కడిగి నా చేతిలో పెట్టింది.

నెల తిరగకుండానే ఆమె ఉట్నూర్ వైపున్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను చూడలేదు. ఎప్పుడు, ఎక్కడ పోయిందో కూడా తెలియదు. కనికరం గురించి ఇన్నేళ్లలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. పిల్లలకు నేనూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ గిన్నెడు బువ్వే గుర్తొస్తుంది. ఆ రోజు ఆమెకు ఆకలి లేదు. పెనిమిటి ముందటి రోజే మట్టిలో కలిశాడు, దానికి కారణమైన పిల్ల ఎదురుగా నిలబడి ఏడుస్తోంది. ఆ పిల్ల బతుకంతా ఏడవకూడదని ఆమె ఆ బువ్వ తిన్నది.