బోణీ టికెట్టు

పాత్రపూర్ నుంచి బరంపురం వెళ్లే మొదటి బస్సు మెట్టు నా మోకాలికి చాలా పైన ఉండేది. పోలియో కాలితో ఎక్కడానికి నాకు ఒకటే దారి: మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆనించి, ఒళ్లు లోపలికి జరుపుకోవాలి. అదీ జనం తోసుకోకముందే, అందరికన్నా ముందు. ఎత్తి కూర్చోబెడతామనే మగవాళ్లకు కొదవలేదు. నేను బియ్యం బస్తాని కాను.

బరంపురంలో నాకు టీచరు ట్రైనింగు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

కండక్టరు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఆగు గుంటా, బోణీ అవనీ. పొద్దున్నే కుంటికాలు ముందెట్టీసినావంటే..."

మాట మధ్యలో ఆపెయ్యడం మర్యాద అనుకున్నాడు.

"పదూళ్ల కాళ్లు తగుల్తాయి నీ బస్సుకి. నా కాలే కనిపించిందేటి?" అనేదాన్ని.

అతనికి బోణీ అయ్యేసరికి గుమ్మం నిండిపోయేది. బస్సు వెళ్లిపోయేది. నాకు గైర్హాజరు పడేది.

వంకాయల గంపతో వచ్చే ముసలమ్మ ఒకామె రోజూ ఇది చూసేది. ఒక పొద్దున గంప దించి, కొంగుముడి విప్పి, చిల్లర అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో నీ బోణీ. నా టికెట్టు ముందు కొయ్యి. ఇంక గుంటని ఎక్కనీ."

అతను డబ్బులు కళ్లకద్దుకుని పక్కకి జరిగాడు. ఆనాటి నుంచి రోజూ అదే పద్ధతి.

ఆ ప్రయాణాలు ఇప్పటికీ తలుచుకుంటాను. తడి గంపల వాసన, ఒడియాలో మొదలై తెలుగులో తేలే తగువులు, కిటికీ బయట మంచు పట్టిన వరిచేలు. ఇప్పటి బస్సుల్లో మాకని బొమ్మ వేసిన సీటుంది, మెట్టు కిందికుంది. మంచిదే. పక్క సీటులో ఎవరున్నారో మాత్రం తెలియదు.

అయినా ఆ రోజుల్లో ముసలమ్మ మీదా నాకు కోపమే.

"నా సెయ్యి మంచిది కాదని నువ్వూ ఒప్పీసుకున్నట్టే కదా మామ్మా?"

"నీకు బస్సు కావాలా, తగువు కావాలా?"

"రెండూ."

"అయితే ఇది తిను. అరవడానికి ఓపికుండాల," అని దోసకాయ చేతిలో పెట్టింది.

ఒకరోజు ఆమె రాలేదు. కండక్టరు అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ రాలేదు.

"ఈయాల నీకు టికెట్టొద్దులే. ఊరికే ఎక్కీ."

నా చేతి బోణీ కన్నా నష్టమే నయమనుకున్నాడు. మెట్టు మీద కూర్చుని డబ్బులు చాపాను.

"టికెట్టు కొయ్యి."

డ్రైవరు హారను మోగించి, "కోసీరా, అది లెగదు," అన్నాడు.

కోశాడు. డబ్బులు సంచిలో వెయ్యబోయాడు.

"కళ్లకద్దుకోవేటి?" అన్నాను.

డ్రైవరు పగలబడి నవ్వాడు. కండక్టరు మొహం పక్కకి తిప్పుకుని అద్దుకున్నాడు. అప్పుడు లోపలికి జరిగాను.

మనస్ఫూర్తిగా అద్దుకోలేదు. నాకు తెలుసు.