పాజిటివ్ వచ్చిన నాడు

ఒక్క రక్తపరీక్షతోటి మనిషి పరువు ఎంత దూరం పోతదో తెల్వాల్నంటే నన్ను అడుగున్రి.

కరోనా మొదటిసారి జర తగ్గినంక, మేముండే ఖటోదరా బస్తీల, మా మగ్గాల కార్ఖానల అందరికి యాంటీబాడీ టెస్టు చేసిన్రు. ఎందుకో ఏందో వచ్చినోళ్లు మంచిగనే చెప్పిన్రు. నేను మాత్రం సుజాతను తలుసుకుంటున్న. ఇంక చెవులెక్కడ పనిచేస్తయ్?

సుజాత మా ఎదురింటి పిల్ల. నర్సింగ్ చదువుతుండె. మనసుల మాట చెప్దామని పోయి, ప్రతిసారి "తిన్నవా?" అని అడిగి మర్లి వచ్చేటోన్ని.

ఫోన్ల రిపోర్టు వచ్చింది. పాజిటివ్! డాబా మీదికి ఉరికి తలుపు గొళ్లెం పెట్టుకున్న.

"బువ్వ తినవారా?" అమ్మ కిందికెంచి ఒర్రింది.

"తినెటందుకు ఇంక నేనెక్కడుంటనే అమ్మా!"

"ఏంది, ఇయ్యాల డబుల్ డ్యూటీనా?"

పగటీలి బువ్వ యాళ్లకు గల్లీల మగ్గాలు ఆగినయ్. గంత సప్పుడు ఒక్కపారి ఆగితే లోకమే కునుకు తీసినట్టుంటది. మబ్బులు తెల్లచీరల తాన్ల లెక్క విప్పుకుంటా పోతున్నయ్. నా పానం గూడ వాటెంబడి మెల్లగ తేలిపోతున్నట్టు అనిపించింది. సావు గింత సుకంగ ఉంటదా అనుకున్న. అది సావు కాదు, ఆకలి అని నాకేం తెలుసు?

ఆ తేలుడులనే సుజాతకు ఫోన్ కొట్టిన.

"సుజాతా, నేను పోతున్న."

"యాడికి?"

"మీదికి. పోయే ముందర ఒక్క మాట. నువ్వంటే నాకు పానం."

"ఏమైంది నీకు?"

"పాజిటివ్."

"ఏ టెస్టు?"

"యాంటీబాడీ."

ఆమె నవ్వు ఫోన్ల కంటె ముందు గల్లీ అవతలికెంచే వినవడ్డది.

"పిచ్చోడా! జబ్బు ఎప్పుడో వచ్చిపోయింది. నీ ఒళ్లు దానితోటి కొట్లాడింది. దానికి నిశానీనే ఆ పాజిటివ్."

"అంటే సస్తలేనా?"

"ఇప్పుడే చెప్పలేను. చీరలు మడతపెట్టుకుంట ఫోన్ స్పీకర్ల పెట్టిన. నాయిన పక్కనే ఉన్నడు."

ఎంబడే ఆయన గొంతు: "జర కిందికి దిగు, బిడ్డా."

దిగిన. ఆయన నన్ను కిందికి మీదికి చూసి, "పక్కాగ బతుకుతవా?" అన్నడు.

"బతుకుత మామా."

"అయితే మీ అమ్మను తోల్కరా. సావుకాడ గూడ పిల్ల యాదికొచ్చిందంటే, బతికినన్ని రోజులు మరుస్తవా?"

గట్ల మా పెండ్లి ఖాయమైంది.

ఇగ మీ అందరి ముందర ఒట్టు పెడుతున్న: రిపోర్టు పూర్తిగ చదవకుండ ఇంక ఏ ఆడపిల్లకు ప్రేమ సంగతి చెప్ప.

పక్కన కూసున్న సుజాత, "చదివినంక గూడ చెప్పకు" అంటున్నది.