అవతలి పార్టీ ఓటు

పోలింగ్ రోజున ఓపలమ్మ ట్రక్కు ఇంజను చల్లారదు. కాన్సస్‌లోని ఆ గోధుమ చేల ఊళ్లో రిపబ్లికన్లను గడప దాటించి ఓటేయించడం ముప్పై ఏళ్లుగా ఆవిడ పని. పేరుపేరునా ఫోన్ చేస్తుంది, మోకాళ్లు నొప్పులన్నవాళ్లను ఎక్కించుకొస్తుంది, ఓటేసినవాళ్ల పేరు పెన్సిల్‌తో కొట్టేస్తుంది. ఈసారి మూడింటికే జాబితా అయిపోయింది. పెన్సిల్ చెవి మీద దోపుకుని, ఊరికల్లా ఒకే ఒక్క డెమోక్రాట్ అయిన ముసలి హార్లన్ ఇంటికి బండి తిప్పింది.

"పదవయ్యా, చీకటి పడకముందే వేసొద్దాం."

"నా ఓటు మీవాడికి పడదని తెలుసుగా, ఓపలమ్మా? అయినా నా ఒక్కడి ఓటుతో ఏం ఒరుగుతుందిట?"

"నువ్వూ రాకపోతే అది ఎన్నికేమిటి, మాకు మేం చేసుకునే భజన! లే."

సణుగుతూనే లేచాడు హార్లన్. గడ్డం నున్నగా గీసి ఉంది. చర్చికి వేసుకెళ్లే కోటు ఒంటిమీదే ఉంది. బూట్ల లేసులు కూడా ఎప్పుడో బిగించుకున్నాడు. ఓపల్ అన్నీ చూసింది, ట్రక్కు తలుపు తెరిచి పట్టుకుంది.