కొరియా పాటకు నేను రాసిన మాట

శనివారం, మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలు. తొంభైల చివర్లో ఒక శనివారం అది. తేదీ గుర్తులేదు గాని గంట మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో మాదాపూర్ దిక్కున గుట్టలు పేల్చే ముందు మూడు గంటలకు ఈల వేసేవాళ్లు, ఈల వేసిన అయిదు నిమిషాలకు నేల అదిరేది, కొత్తగూడలో మా రేకుల చర్చి పైకప్పు కాసేపు గడగడలాడేది. ఆ చప్పుడు పూర్తిగా ఆగకముందే కిరాయికి తెచ్చిన టీవీలో కొరియా పిల్లల పాట మొదలైంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మదీనాగూడలో మా చిన్నమ్మాయి ఇంట్లో టిఫిన్లయ్యాక మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. కొరియా దేశపు ఆడపిల్లల గుంపు ఒకటి కొత్త పాట వదిలిందట, దాని వీడియో నేను చూస్తుంటే నా ముఖాన్ని తను వీడియో తీస్తుందట, చూశాక నా అభిప్రాయం చెబితే దాన్ని లోకమంతా చూస్తుందట. ఒకరు చూస్తుంటే వాళ్లను ఇంకొకరు చూడడం ఒక పని అయింది ఈ కాలంలో. సరే, కూర్చున్నాను.

"అమ్మమ్మా, జర నవ్వరాదే. పోలీస్ స్టేషన్ల ఫొటో దిగినట్టు కూసున్నవ్."

"నా ముఖమే గిట్లుంటది. పెట్టు నీ పాట."

చూశాను. ఏడుగురు పిల్లలు. ఒకసారి అద్దాల గదిలో ఉంటారు, కన్ను మూసి తెరిచేలోపు పూల తోటలో ఉంటారు, మళ్లీ చూస్తే రైలు పైకప్పు మీద. చోటు మారినప్పుడల్లా బట్టలు మారాయి గాని ముఖాలు మారలేదు. పాట చెవికి బాగానే ఉంది, నడుమ ఒక పిల్ల గబగబా మాట్లాడినట్టు పాడే ముక్క ఇంకా బాగుంది, అయితే ఏ పిల్లనూ మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలకడగా చూపించలేదు. చూడనిస్తే కదా ఎవరు ఎట్లా ఆడుతున్నారో తెలిసేది. అదే చెప్పాను.

"పదికెన్ని ఇస్తవ్?"

"ఆరు."

"గంతేనా?"

"అయిదున్నర."

మనవరాలు పొట్ట పట్టుకొని నవ్వింది. అప్పటిదాకా వంటింటి గడప దగ్గర గోంగూర తుంచుతున్న మా చిన్నమ్మాయి, ఫోను వైపు ఒక్కసారి మెడ తిప్పి, ఎవరితోనూ కానట్టు, ఎడమ చివరి పిల్ల అందరికన్నా జర ముందుగాల కదులుతున్నది, తతిమ్మా ఆరుగురు ఒక్కటే లెక్క, అంది. మనవరాలు తెల్లబోయి మళ్లీ పాట వెనక్కి తిప్పి చూసింది. నిజమే.

"మమ్మీ, నీకెట్ల తెలుసే? నువ్వేమన్న డాన్స్ జేసినవా?"

"పొయ్యి మీద పప్పున్నది, జరుగు," అని మా అమ్మాయి లోపలికి పోయింది.

నేను ఫోను తెర నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాను. వాళ్లమ్మ ఒకప్పుడు ఆడిన సంగతి తెలియనిది ఆ ఇంట్లో మనవరాలికొక్కదానికే. మా ఈడువాళ్లు చదువుతారు కాబట్టి చెబుతున్నాను, వయసు పిల్లలకు ఇది అక్కర్లేదు.

అప్పటికి అక్కడ ఇన్ని మేడలు లేవు. కొత్తగూడ నుంచి మాదాపూర్ దాకా బండరాళ్లు, తుమ్మచెట్లు, నడుమ ఒక్కటే ఒక్క అద్దాల మేడ లేస్తూ ఉండేది. మా ఆయన ఆ దిక్కునే రాయి కొట్టే పనికి పోయేవాడు. మేడలో ఏసీ యంత్రాలు బిగించడానికి కొరియా నుంచి ఒకాయన వచ్చాడు, ఆయనా ప్రభువును నమ్ముకున్నవాడే, ఆదివారం ఎక్కడ ప్రార్థన దొరికితే అక్కడికి పోదామని వెతుక్కుంటూ మా రేకుల చర్చికి వచ్చి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా రెండు గంటలు చాప మీద కాళ్లు మడిచి కూర్చుని, చివర్లో అందరికీ వంగి వంగి దండాలు పెట్టి పోయేవాడు. "బాగుందా" అన్న ఒక్క తెలుగు మాట నేర్చుకుని అన్నిటికీ అదే వాడేవాడు. అన్నం పెడితే బాగుందా, వాన పడితే బాగుందా. సెలవుకు ఇంటికి పోయి వస్తూ మా యవ్వనస్థులకు ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు. వాళ్ల దేశంలో అయిదుగురు ఆడపిల్లలు కట్టిన గుంపట, కొత్త పాటట, అక్కడ పిల్లలందరూ పిచ్చెక్కినట్టు చూస్తున్నారట.

మా చిన్నమ్మాయికి అప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్ రెండుసార్లు తప్పింది. ఇంట్లో ఉంటే వంచిన తల ఎత్తేది కాదు, అటువంటిది ఆ క్యాసెట్ చూసిన వారానికల్లా నలుగురు పిల్లల్ని పోగేసి చర్చి వెనక వరుసలో నిలబెట్టి, చప్పట్లతో లెక్క చెబుతూ, అడుగు తప్పిన పిల్లను చెవి పట్టుకుని సరిదిద్దడం మొదలుపెట్టింది. పాటలో పిల్లలు వదులు ప్యాంట్లు, పెద్ద పెద్ద చేతి తొడుగులు వేసుకున్నారు. మా పిల్లలకు అవి ఎక్కడివి? అన్నల చొక్కాలు వేసుకున్నారు, చేతులకు సాక్సులు తొడిగి లోపల దూది కూరారు. చూస్తే నవ్వొచ్చేది గాని, పాట మొదలైతే నవ్వొచ్చేది కాదు.

కొరియా ఆయనే ఆ సంగతి పని చోట చెప్పినట్టున్నాడు, అద్దాల మేడ ప్రారంభం నాడు స్టేజీ మీద ఈ పిల్లలతో ఆ పాట ఆడించమని అక్కడి నుంచి కబురొచ్చింది. ఆ వేడుకకు ఆటపాటలు కుదిర్చే డాన్సు మాస్టారు ఒకరోజు వచ్చి మా పిల్లలు ఆడుతుంటే చూసి, మా అమ్మాయిని పక్కకు పిలిచి, ఆ రోజు ఇట్లాగే ఆడితే బళ్లలో పిల్లలకు నేర్పించే పనిలో తనతో పెట్టుకుంటానన్నాడు. ఇంటర్ తప్పిన పిల్లకు అది ఎంత మాటో మీకు నేను చెప్పాలా? ఆ రోజు ఇంటికొచ్చి, అడక్కుండానే బిందెలన్నీ తోమింది.

అయితే మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. మా పిల్లలు బయట ఎక్కడ ఏది చేసినా ముందు స్త్రీల సమాజం చూడాలి. చూసిన వాళ్లు ఒక్కొక్కరు తమ అభిప్రాయం చీటీ మీద రాసి, పేరు రాయకుండా మడిచి, కానుక సంచిలో వేయాలి. అందరిదీ ఏకమనస్సయితేనే ఒప్పుకున్నట్టు. ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి, ఎవరు కాదన్నారో అడగకూడదు. సమాజంలో మేం ఏడుగురం. అంతకుముందు నాకు అక్షరం రాదు కాబట్టి నా చీటీ మా ఏడుగురిలో ఒకరైన బడి టీచరమ్మ రాసేది, రాసి నా చేత వేలిముద్ర వేయించేది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. నలభై ఏళ్లు దాటేదాకా నేను వేలిముద్ర మనిషినే. రేషన్ కార్డుకు వేలిముద్ర, దవాఖానలో ఆపరేషనుకు వేలిముద్ర, గుట్ట పక్క మా ఎకరం పోయినప్పుడు మా ఆయన పక్కన నిలబడి అయిదు కాగితాల మీద వేలిముద్ర. ఎవరూ ఏం రాసుందో చదివి చెప్పలేదు. అప్పుడు అనుకోలేదు గాని తర్వాత తెలిసింది, సరే అనడం తప్ప వేలిముద్రకు ఇంకో మాట రాదు. కాదనాలంటే రాయడం రావాలి.

నాకు రాయడం నేర్పింది మా చిన్నమ్మాయే. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది, సాయంత్రాలు గడప మీద కూర్చోబెట్టి, నా పిడికిట్లో పెన్సిలు పెట్టి, దాని మీద తన చేయి వేసి దిద్దించింది. నా అక్షరాలు ఒక్కొక్కటి గారె అంత ఉండేవి. చిన్నగా రాయవే అమ్మా అని ఎంత పోరినా నా చేతికి చిన్నగా రాయడం రాలేదు, ఇప్పటికీ రాదు.

ఆ శనివారం ముందు క్యాసెట్ చూశాం. అయిదుగురు పిల్లలు, వెనక తెల్ల గోడ, అంతే. చోటు మారలేదు, బట్టలు మారలేదు, పాట అయ్యేదాకా అయిదుగురూ తల నుంచి కాలి దాకా కనబడ్డారు. తర్వాత టీవీ పక్కకు జరిపి మా పిల్లలు ఆడారు. మా అమ్మాయి నడుమ నిలబడింది. బాగా ఆడింది, ఆ మాట దాచను. క్యాసెట్‌లో పిల్లలకంటే బాగా ఆడింది. ఆడుతున్నంతసేపూ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు, ఇది నా కడుపున పుట్టిందేనా అనిపించింది.

మా తోటికోడలు నా చెవిలో, "అక్కా, నీ బిడ్డ కాళ్లల్ల బొక్కలున్నయా లేవా?" అంది, బొక్కలంటే మా దిక్కు ఎముకలు. నర్సమ్మ, "మీ అమ్మాయండీ? అబ్బో, ఏం హుషారండీ!" అంది. టీచరమ్మ చీటీలు పంచింది. నాకు చీటీ ఇస్తూ, రాసిపెట్టనా అండీ అని అడిగింది. నేను రాసుకుంటానన్నాను. అందరూ నా వైపు తిరిగి చూశారు. అదేదో గొప్పగా అనిపించింది.

పెన్సిలు పట్టుకున్నాను. బాగుంది అని రాయొచ్చు, సరే అని రాయొచ్చు, అవి రెండూ నాకు వచ్చు. కాని సరే అనడానికి ఇంత కష్టపడి నేర్చుకోవాలా, దానికి బొటనవేలు చాలదా అనిపించింది. కాదంటే ఏమవుతుందో, నా మాటకు ఏదైనా ఆగుతుందో లేదో చూద్దామనిపించింది. అంతకు మించి కారణం లేదు. ఆ బట్టలు నాకు నచ్చకపోలేదు, నలుగురేమంటారో అన్న భయమూ లేదు. తర్వాత జనం అడిగితే అవే కారణాలు చెప్పాను, అవి నిజం కావు.

వద్దు అని రాశాను. మడిచి సంచిలో వేశాను.

పాస్టరమ్మ గారు చీటీలు ఒక్కొక్కటే పైకి చదివారు. ఒకరు అభ్యంతరం లేదన్నారు. ఒకరు చొక్కాలు మోకాళ్ల దాకా ఉండాలన్నారు. ఒకరు ప్రార్థనతో మొదలుపెట్టమన్నారు. ఆరు చీటీలూ ఏదో ఒక తీరుగా సరేనన్నవే. ఏడోది ఆవిడ విప్పారు. మళ్లీ మడవబోయారు గాని చదవకపోతే పద్ధతి కాదు కదా, చదివారు. "ఎవరు రాశారో మనం అడగకూడదండి," అన్నారు. ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది, చీటీ నిండా ఒక్కటే మాట, చర్చి ఆ చివరి నుంచి కూడా కనబడుతోంది.

మా అమ్మాయి చూసింది. ఆ అక్షరాలు దిద్దించిన చేయి తనదే. క్యాసెట్ బయటకు తీసి, అట్టపెట్టెలో పెట్టి, రెండు చేతులతో కొరియా ఆయనకు ఇచ్చింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, నవ్వుతూ "బాగుందా?" అని అడిగాడు. మేం ఏడుగురం నేల చూశాం. "బాగుంది," అని మా అమ్మాయే చెప్పింది.

ఇంటికి నడుస్తుంటే దారిలో ఒక్క మాటే అడిగింది.

"అమ్మా, కూరకేం దేవాలె?"

"వంకాయలు దేపో," అన్నాను.

మర్నాడు సాయంత్రం మామూలుగా పలక తెచ్చుకుని నా పక్కన కూర్చుంది, ఎక్కడిదాకా వచ్చామో చూసి తర్వాతి పాఠం దిద్దించింది. నా చేతి మీద తన చేయి మాత్రం వేయలేదు, ఇక నీకు వచ్చేసిందే అంది. మేడ ప్రారంభం నాడు ఎవరో పట్నం పిల్లలు ఆడారట. ఏడాది తిరక్కుండానే మా అమ్మాయి ఆ మేడలోనే నేలలు తుడిచే పనికి చేరింది, తర్వాత తుడిచేవాళ్ల మీద సూపర్‌వైజర్ అయింది, పెళ్లయింది, పిల్ల పుట్టింది. ఆ శనివారం సంగతి ఇంతవరకు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బాధపడ్డావా అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లి చూస్తే చర్మం లేస్తుంది గాని నొప్పి తెలియదు చూడండి, ఆ శనివారాన్ని తలుచుకుంటే నాకు అట్లా ఉంటుంది. మొన్న తను ఆ చివరి పిల్ల తప్పు పట్టినప్పుడు ఏదైనా తెలుస్తుందేమోనని చూశాను. తెలియలేదు.

ఆ రేకుల చర్చి లేదు, అక్కడ ఇప్పుడు ఫ్లైఓవర్ దిగుతుంది. గుట్టలు లేవు, మూడు గంటల ఈలా లేదు. మా మనవరాలు ఫోనులో చూపిన పాట కింద ఎంతమంది వద్దని రాసినా ఆ పాట ఆగదు, ఆ ఏడుగురు పిల్లలు రేపూ ఆడతారు. ఒక మనిషి కాదన్నంత మాత్రాన ఏదీ ఆగని కాలమిది. మా రోజులే మంచివని మా ఈడువాళ్లు అంటుంటే నేను ఊరకుంటాను, ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

ఆ శనివారం అక్కడ ఉన్నవాళ్లు: పాస్టరమ్మ గారు, బడి టీచరమ్మ, దవాఖాన నర్సమ్మ, మా తోటికోడలు, మా ఆడబిడ్డ, కుట్టుమిషను పెద్దమ్మ, నేను. కొరియా ఆయన. టీవీ కిరాయికిచ్చినాయన. చొక్కాలు వేసుకున్న నలుగురు పిల్లలు. వాళ్ల ముందు, చేతులకు ఇంకా సాక్సులతో, మా చిన్నమ్మాయి. చీటీలు పంచేటప్పుడు టీచరమ్మ ఆమె పక్క నుంచే నడిచి వచ్చింది. మా అమ్మాయికీ ఒక చీటీ ఇవ్వాలని మా ఏడుగురిలో ఎవరికీ తోచలేదు.