తువ్వాల కింద కిరాయి

ఆ రోజుల్లో నాకు రెండే బాధలు. ఒకటి చలి, రెండోది ఇల్లు. చదువుకుందామని జర్మనీలో ఒక చిన్న పట్నానికి పోయి, ఆలేరు నుంచి వచ్చిన దోస్తు గదిలో (ఆలేరోడు అనే పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అంతే) కింద పరుపేసుకుని పడుకునేవాణ్ణి. అక్కడి పద్ధతేమిటంటే, ఇల్లు కిరాయికి తీసుకున్నట్టు కాగితం చూపించి ఆఫీసులో చిరునామా రాయించుకోవాలి. చిరునామా లేకపోతే వీసా పొడిగించరు, వీసా లేకపోతే నేరుగా మా ఊరు కోస్గి బస్సెక్కడమే. ఆలేరోడి ఓనరేమో రెండో పేరు రాయడానికి చచ్చినా ఒప్పుకోలేదు. నా జేబుకు అందే గది ఏదైనా ఖాళీ అయిందంటే చాలు, పెళ్లిచూపులకు వచ్చిన పెళ్లికొడుకుల్లా ఇరవై మందిమి తలలు దువ్వుకుని మెట్ల మీద వరుసలో నిలబడేవాళ్లం. ప్రతిసారీ పిల్ల ఇంకెవరికో నచ్చేది.

చివరికి ఒక ముసలాయన మేడ మీది గది చూశాను. ఆరువందల యూరోలన్నారు. నేను ఎంత గింజుకున్నా ఐదు దాటలేను. పొద్దున బయల్దేరే ముందు మా బాపుకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. బాపుది గొర్రెల బేరం, కోస్గి అంగడిలో పేరున్న మనిషి. "పదిమంది ముంగట రేటు అడుగుతరారా? తువ్వాల కింద చెయ్యి వెట్టి అడుగు" అన్నాడు. మా అంగడిలో అదే పద్ధతి. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. వేలుకు వంద అనుకుంటే మూడు వేళ్లు పట్టుకుంటే మూడొందలు, చెయ్యంతా పిడికిట్లోకి తీసుకుంటే ఐదొందలు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవడికీ రేటు తెలియదు. బాపు నవ్వులాటకు అన్నాడో, నిజంగానే అన్నాడో నేను అడగలేదు. నా మెడలో మఫ్లర్‌కు బదులు చుట్టుకున్నది బాపు తువ్వాలే మరి.

నా వంతు వచ్చింది. ముసలాయన చెవిలో వినికిడి మిషను, ఒంటి మీద మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెట్టరు. వెనక జనం చెవులు రిక్కించుకుని ఉన్నారు. నాకొచ్చిన నాలుగు ముక్కల జర్మన్ భాష కూడా ఆ క్షణాన ఎటో పోయింది. చెయ్యి చాచాను, ఆయన కొంచెం తటపటాయించి తన చెయ్యి ఇచ్చాడు, గబుక్కున మెడలో తువ్వాల లాగి మా చేతుల మీద కప్పేశాను. నాలుగు వేళ్లు పట్టుకుని నొక్కాను. ఆయన నా మొహంలోకి చూశాడు. చెయ్యి లాక్కోలేదు. కాసేపాగి, నా చెయ్యంతా తన పిడికిట్లోకి తీసుకుని ఒక్క నొక్కు నొక్కాడు. ఐదు! నేను తలూపాను, ఆయనా ఊపాడు. తోడొచ్చిన ఆలేరోడు మాత్రం నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

బయటికి రాగానే బాపుకు ఫోన్ చేసి, ఐదొందలకు తెగిందని చెప్పాను. మురిసిపోతాడనుకుంటే తిట్టాడు. "తువ్వాల కింది మాట బయట చెప్తరారా? అది మీ ఇద్దరి నడుమనే ఉండాలె."

వారం తిరక్కుండానే ముసలాయన గది నాకే ఇస్తానని కబురు పంపాడు. ఎగురుకుంటూ పోయి చూస్తే కాగితంలో ఆరువందలని ఉంది. ఐదుకు ఒప్పుకున్నాడు కదా, అడగరా అని వెంటొచ్చిన ఆలేరోణ్ణి పోరాను.

"ఎప్పుడు ఒప్పుకున్నడు?"

"చెయ్యి వట్టుకొని నొక్కిండు గదరా."

"నేను అడగ. నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ చూస్కుంటె నేను కోస్గి పోవాలె."

వాడు చెమటలు కక్కుతూ గొర్రెలు, అంగడి, తువ్వాల, వేళ్లు అన్నీ జర్మన్ భాషలోకి దించాడు. ముసలాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా ఆయన చెప్పింది ఆలేరోడు నాకు తెలుగులో చెప్పాడు. కరోనా వచ్చినప్పటి నుంచి ఆయనకు ఎవరూ చెయ్యి ఇవ్వడం లేదట. ఆ రోజు వచ్చిన మిగతావాళ్లంతా దూరం నుంచే తలలూపి పోయారట. ఈ పిల్లగాడు మాత్రం ముసలివాడికి జబ్బంటకుండా గుడ్డ కప్పి మరీ చెయ్యి కలిపాడని సంతోషం పట్టలేక గట్టిగా నొక్కాడట. గది నాకు ఇవ్వాలనుకున్నది కూడా అందుకేనట. నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. నేను ఆయన వేళ్లు లెక్కపెడుతున్నప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు, అంతే. ఆరుకే సంతకం పెట్టేద్దామని పెన్ను తీశాను. ఆయన పెన్ను నా చేతిలోంచి తీసుకుని, ఆరు కొట్టేసి ఐదు వేశాడు. "నొక్కినంక మాట తప్పుతనా అంటుండురా" అన్నాడు ఆలేరోడు. చలికాలంలో మెట్ల మీద మంచు మాత్రం నేనే ఎత్తిపోయాలన్నాడు. కోస్గిలో వానచుక్కకే మొహం వాచినవాణ్ణి, రెండు చలికాలాలు పారతో మంచు ఎత్తిపోశాను (ఆలేరోడికి కూడా ఒక పార ఇచ్చాను, ఊరికే ఎందుకు పోనిస్తాను).

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. కిరాయి ఫోన్ మీద ఒక్క వేలు నొక్కితే పోతుంది, ఓనరు చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలియదు. అలా నొక్కినప్పుడల్లా ఆ గది ఖాళీ చేసిన రోజు గుర్తొస్తుంది. పెట్టెలు కిందికి దించాక ముసలాయన నా మెడలో తువ్వాల చూపించి, ఇటివ్వమన్నట్టు చెయ్యి చాచాడు. ఈసారి ఆయనే కప్పాడు. చాలాసేపు నొక్కి పట్టుకున్నాడు. ఎన్ని వేళ్లో నేను లెక్కపెట్టలేదు. స్టేషన్‌కు పోయే దారిలో బాపుకు ఫోన్ చేసి అది చెబితే, "ఏమన్నడు, ఎంతకు తెగిందిరా?" అని బాపు నవ్వుతూ అడిగాడు.

"తువ్వాల కింది మాట బయట చెప్పొద్దంటివి గద బాపూ" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. నేను కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. తువ్వాల చేతిలోనే ఉంది కాబట్టి సరిపోయింది.