అమ్మ చేతి అచ్చుకు చెక్కిన పిడి

మిల్లు వర్క్‌షాపులో నేను చెక్క అచ్చులు చేసేవాణ్ణి. ఇనుము పోత పోయాలంటే ముందు దాని రూపం చెక్కలో రావాలి. మా ఊరు పీలమేడు మొత్తం మీద నా అంత నిక్కచ్చిగా కొలత పట్టేవాడు లేడని నాకొక పొగరు. ఆ పొగరే మా అమ్మ కొంప ముంచింది.

అమ్మ అదే మిల్లులో, రీలింగులో, ఇరవై రెండేళ్లు నూలు చిలపలు చుట్టింది. పని మానేసే నాటికి కుడిచేతి చివరి రెండు వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే కత్తి జారి పడేది. ఒకసారి పాదం పక్కనే పడింది. నా భార్య హడలిపోయి, "మీరు లేవండి అత్తా, నేను చూసుకుంటా," అని కత్తి తీసేసుకుంది.

అప్పటి నుంచి అమ్మ పొద్దున్నే వీధి తిన్నె మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. సంగు, అదే మిల్లు సైరను, మోగగానే పరుగెత్తే ఆడవాళ్లను చూస్తూ తీరిగ్గా కాఫీ తాగేది. నాకేమో అది చూస్తే జాలేసేది. పాపం, చేతులు పోయి ఖాళీగా మిగిలిపోయిందనుకున్నాను. ఒక్క మాట అడగడానికి ఏం రోగం నాకు?

వర్క్‌షాపులో పారేసిన వెడల్పాటి హాక్సా బ్లేడును సాన పట్టి కత్తి చేశాను. బంకమట్టి ముద్ద ఒకటి తెచ్చి, కత్తి పట్టుకున్నట్టే పట్టుకోమన్నాను.

"ఎందుకురా కన్నా ఇదంతా? నేను తరిగింది పోదుంరా, చాలు," అంది.

"ఊరికే పట్టుకోమ్మా," అని కసిరాను.

పట్టుకుంది. మట్టి నీడలో ఆరాక, ఆ వేళ్ల గుంటలన్నీ టేకు ముక్క మీదికి దించాను. ముడుచుకోని రెండు వేళ్ల దగ్గర చెక్క లావుగా ఉంచాను. ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసి, ఇత్తడి రివెట్లు కొట్టి, కొబ్బరినూనె రాశాను. పది రోజులు పట్టింది.

మా ఇళ్లల్లో కత్తి చేతికి అందివ్వరు. ఎదురుగా నేల మీద పెడితే తీసుకోవాలి. అలాగే పెట్టాను. అమ్మ తీసుకుంది. విదిలించినా జారలేదు. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించుకున్నాను, సిగ్గు లేకుండా.

మర్నాడు నా భార్య వంకాయలూ ఆ కత్తీ తెచ్చి అమ్మ ముందు పెట్టింది. "ఇది నా చేతికి పట్టలేదు అత్తా. మీకోసరమే కదా చేసింది," అంది. ఆమెననడానికేం లేదు, ఆమెకూ పొద్దున షిఫ్టు. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ కూర అమ్మే తరిగింది. పక్కింట్లో పెళ్లి అయినా గుమ్మడికాయలు తెచ్చి మా వాకిట్లోనే దించేవాళ్లు. తిన్నె మీద కాఫీ మళ్లీ చూడలేదు.

ఎనిమిదేళ్లకు అమ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం ఆ కత్తికి నూనె రాస్తూ పక్కన కూర్చున్నాను. నా గొప్ప ఇంకా తీరలేదు.

"చూసినావా అమ్మా, ఇన్నేళ్లయినా పిడి కదల్లేదు. ఒక్కసారి కూడా నీ చేతిలోంచి జారలేదు."

"ముందు మాత్రం ఎక్కడ జారిందిరా?" అంది. "నేనే వదిలేస్తా ఉంటి."

గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆ కత్తిని నా గుప్పిట్లో పట్టి చూశాను. పిడి నా చేతికి ఎక్కడా ఆనలేదు.